జల్లెడలో మిగిలింది

"మేడమ్, ఒక్క చిన్న డౌటండీ," అంది రెబెకా.

సంతకాలకు ఇంకా మూడు గంటలున్నాయి. ఆ పిల్లకు ఆ డౌటు రాకుండా ఉంటే ఎంత బాగుండేదోనని వేదవతి తర్వాత చాలాసార్లు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ తనను తాను అసహ్యించుకుంది.

"అడుగమ్మా."

"ముందు ఈ ముక్క అయిపోనీయండి. చూడముచ్చటగా ఉంది."

బాలానగర్ పారిశ్రామికవాడలోని ఆ రేకుల షెడ్డులో, గాజు తలుపు వెనక, మెషీను ఒక ఉక్కు ముద్దను చెక్కుతోంది. కృత్రిమ మోకీలు పోతపోసే అచ్చు అది. అంగుళం పొడుగు సానరాయి ఉక్కు వంపు మీద జారుతోంది. మామూలు మెషీన్లలా బరబరా గీకడం లేదు. వంపు దగ్గర నెమ్మదిస్తోంది. గరుకు తగిలిన చోట ఆగి, అక్కడే రెండుసార్లు చిన్నగా నిమిరి, ముందుకు పోతోంది. నిద్రపోతున్న పిల్ల తల నిమిరినట్టు.

"అచ్చం మనిషి చెయ్యే!" అంది రెబెకా.

"మనిషి చెయ్యే," అంది వేదవతి. "మా అన్నది."

ఆ చెయ్యి ప్రస్తుతం కూకట్‌పల్లిలో, రెండో అంతస్తు వాటాలో, దుప్పటి కింద ఉంది.

బంగారు తీగను సాగదీసే చిల్లుల ఇనుప పలకను కమ్మచ్చంటారు. వేదవతి తాతలు ఆ పలకతో బతికారు. అందుకే ఆమె తన కంపెనీకి కమ్మచ్చు టూల్స్ అని పేరు పెట్టుకుంది. పద్దెనిమిది మంది, ఒక షెడ్డు, ఒకే ఒక్క సరుకు. అది ఒక గ్లౌజు. వెంట్రుకంత సన్నని తీగలు వందలకొద్దీ అల్లిన గ్లౌజు. దాన్ని తొడుక్కుని మేస్త్రీ ఒక అచ్చును సానబెడితే, ఎక్కడ ఎంత నొక్కాడో, ఎక్కడ ఎందుకు ఆగాడో మొత్తం సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఏ దేశంలో ఏ మెషీనుకు చెప్పినా అదే పనితనంతో చేస్తుంది. గ్లౌజు తొడుక్కున్న మొదటి మేస్త్రీ ఆమె అన్న సోమాచారి. వేదవతి కంటే పదకొండేళ్ళు పెద్ద. ఆమెను ఇంజనీరింగ్ చదివించింది ఆ చెయ్యే.

ఇప్పుడు ఆ చేతిని నభస్య సాఫ్ట్‌వేర్ అనే సంస్థ కొంటోంది. నలభై దేశాల్లో ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ అమ్మే పెద్ద కంపెనీ. కొనేముందు లోపల ఏముందో చూసి రమ్మని పంపిన మనిషే ఈ రెబెకా. గుంటూరు పిల్ల. ఇరవై ఏడేళ్ళుంటాయి. మూడు వారాలుగా ఈ షెడ్డులోనే కూర్చుని లక్షల వరుసల కోడ్ చదివింది. మధ్యాహ్నాలు తెచ్చుకున్న గోంగూర పచ్చడి అందరికీ పంచింది.

మెషీను ఆగింది. రెబెకా తన లాప్‌టాప్ ఇటు తిప్పింది.

"ఇందులో జల్లెడ అని ఒక భాగం ఉందండీ. అది రాసింది మీరేనా?"

వేదవతికి నవ్వొచ్చింది. "నేనే. ఆరేళ్ళయింది. మొదట్లో మా మెషీన్లు చెక్కిన ముక్కల మీద సన్నగా అలలు పడేవి. ఎందుకో అర్థంకాక చచ్చాం. చివరికి చూస్తే పక్క షెడ్డు. అక్కడ వాషర్లు కొట్టే ప్రెస్సు ఉండేది. సెకనుకు నాలుగు దెబ్బలు. నేలంతా అదిరేది. ఆ అదురు అన్న చేతిలోకి ఎక్కి, చేతిలోంచి గ్లౌజులోకి ఎక్కేది. సెకనుకు నాలుగైదుసార్లు ఊగే ప్రతి కదలికనూ ఏరి పారేసేలా జల్లెడ పెట్టాను. ఆ రోజు నుంచి ముక్క అద్దంలా వస్తోంది. మీవాళ్ళు అసలు కొంటున్నది దాని కోసమే కదా?"

"అవునండీ. దాని కోసమే." రెబెకా తెరను కిందికి జరిపింది. "ఆ పక్క షెడ్డు ఎప్పుడు మూసేశారు?"

"అయిదేళ్ళ కింద. వానాకాలంలో."

"మరి జల్లెడ ఇంకా ఏం ఏరుతోందండీ?"

వేదవతి తెర దగ్గరికి వంగింది.

రెబెకా తెరమీద ఒక బొమ్మ తెరిచింది. జల్లెడ రోజుకు ఎంత ఏరి పారేసిందో చూపించే బొమ్మ. మొదటి ఏడాది గీత ఎత్తుగా ఉంది. ప్రెస్సు మూతబడిన వారం నేలకు దిగిపోయింది. ఆపైన దాదాపు రెండేళ్ళు నేలను పట్టుకునే ఉంది. తర్వాత ఒక ఫిబ్రవరిలో, ఎవరూ పిలవకుండానే, చిన్నగా తల ఎత్తింది. మార్చిలో ఇంకొంచెం. దసరాకు బొటనవేలంత. మరుసటి ఉగాదికి, ప్రెస్సు ఆడిన రోజుల కంటే ఎత్తుకు పోయింది.

"ప్రెస్సు లేదు. రోడ్డు పని కూడా లేదు, నేను కనుక్కున్నాను," అంది రెబెకా. "ఆదివారం ఒక్కరే వచ్చి పనిచేసిన రోజుల్లో కూడా ఉంది. వేరే మేస్త్రీలు తొడుక్కుంటే లేదు. ఒక్క సోమాచారిగారి చేతికే..."

ఆమె వేలు గీత లేచిన చోట ఆగింది.

*

అయిదు నెలల కింద సోమాచారి మెట్ల మీద పడిపోయాడు. స్కానింగులో చిన్న మెదడులో గడ్డ కనిపించింది. నిమ్మకాయంత.

"ఇది నెమ్మదిగా పెరిగే రకం," అన్నాడు డాక్టరు. "రెండేళ్ళ ముందు వచ్చుంటే గింజ తీసినట్టు తీసేసేవాళ్ళం. ఇప్పుడు మెదడు కాండంలోకి పాకింది. కత్తి పెడితే మనిషి దక్కడు." తర్వాత సోమాచారి చేతుల వంక చూసి అడిగాడు. "ఈ జబ్బు ముందు చేతిలోనే తెలుస్తుంది. వస్తువు పట్టుకోబోతే వణుకు. మీది సూక్ష్మమైన పని. ఏ రోజూ అనుమానం రాలేదా?"

సోమాచారి చెల్లెలి ముఖం వైపు చూడలేదు. "లేదు సార్. మంచిగనే ఉండె," అన్నాడు.

అప్పటినుంచి వదిన ఆండాళు చాయ్ సగం గ్లాసే పోస్తోంది. నిండా పోస్తే ఒలుకుతుంది. ఒలికినప్పుడల్లా సోమాచారి ఒకే జోకు వేస్తాడు. "భూదేవికి గూడ దూప అయితది గదనే!" వదిన నవ్వదు. గచ్చు తుడుస్తుంది.

వారం కిందట వేదవతి ఈ అమ్మకం సంగతి చెప్పినప్పుడు మాత్రం అతని ముఖం వెలిగిపోయింది.

"అంటే నా చెయ్యి జర్మనీల గూడ పనిచేస్తదా?"

"జర్మనీ, జపాన్, అన్నిట్ల అన్నా."

"నేను పొయినంక గూడ?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తవెందుకే పిచ్చిదానా. తాత చచ్చిపొయినంక తాత సుత్తి సగం రేటుకు అమ్మినం. నాదైతే మొత్తం చెయ్యే బతికుంటది." దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకుని, వణుకు ఆపే ప్రయత్నం చేస్తూ అన్నాడు. "జల్ది సంతకం పెట్టు. నేను చూస్తుండంగనే పెట్టు."

*

"కచ్చా రికార్డు తెరువు," అంది వేదవతి. "జల్లెడ పట్టకముందుది."

రెబెకా తెరిచింది.

ఈ షెడ్డులో ఒక పద్ధతుంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు ప్రతి మేస్త్రీ గ్లౌజు తొడుక్కుని, నల్లరాతి బల్ల మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు పది సెకన్లు నిలపాలి. గ్లౌజు ఆ చేతిని గుర్తుపట్టడానికి. దానికి 'చేతి హాజరు' అని పేరు పెట్టింది సోమాచారే. హాజరు వేశాక తెరమీద పేరు నొక్కితే ఒక గీత వస్తుంది. చెయ్యి ఎంత నిలకడగా ఉంటే గీత అంత తిన్నగా ఉంటుంది.

ఆ ఫిబ్రవరి పందొమ్మిదో తేదీ కచ్చా గీతలో సన్నటి రంపపు పళ్ళున్నాయి. ఆ ఏడాది చివరికి అవి పెద్ద రంపపు పళ్ళయ్యాయి. ఆపై ఏడాదికి అది గీతలాగే లేదు.

"ఇది మా తెరమీద ఎప్పుడూ రాలేదు," అంది వేదవతి. "మాకు తిన్నటి గీతే వచ్చేది."

"హాజరు గీతను కూడా మీరు జల్లెడ పట్టాకే చూపిస్తున్నారండీ."

నిజమే. ఆరేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, తొందరలో, జల్లెడను ఒకే చోట పెట్టి అన్నిటికీ తగిలించేసింది. మెషీనుకు పోయే గీతకూ అదే, మనిషికి చూపించే గీతకూ అదే. రెండే రెండు వరుసల కోడ్‌తో పని అయిపోయిందని ఆ రోజు ముచ్చటపడింది కూడా.

"ఇంకొకటి ఉందండీ," అంది రెబెకా. ఈసారి ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. "చెప్పకపోతే తప్పవుతుంది. ఎవరు ఏ గీత ఎప్పుడు తెరిచి చూశారో రికార్డవుతుంది. సోమాచారిగారు ఆ ఫిబ్రవరి వరకూ ఒక్కసారి కూడా తన గీత తెరవలేదు. హాజరు వేసి వెళ్ళిపోయేవారు. ఫిబ్రవరి ఇరవై నాలుగున మొదటిసారి తెరిచారు. తర్వాత వారానికోసారి. తర్వాత రోజూ రెండు మూడుసార్లు. ఆయన మెట్ల మీద పడిపోవడానికి ముందురోజు... పదకొండుసార్లు. మొత్తం వెయ్యి నూట నలభై రెండుసార్లండీ."

వేదవతికి ఒక పొద్దుట గుర్తొచ్చింది. అన్న తెర ముందు నిలబడి ఉన్నాడు. ఆమె సంచీ బల్ల మీద పడేసి పోతుంటే పిలిచాడు.

"చెల్లె, ఈ గీత నిజమే చెప్తదా?"

"ఎందుకన్నా?"

"ఊకెనే. ఎప్పుడన్న అబద్ధం చెప్తదా అని."

ఆమె ఆ రోజు చాలా హుషారుగా ఉంది. జపాన్ నుంచి మొదటి ఆర్డరు వచ్చిన రోజు. "మనుషులు చెప్తరన్నా అబద్ధం. మనం చేసిన మిషిన్ చెప్పదు," అని నవ్వి వెళ్ళిపోయింది.

అతను తన చేతిని నమ్మలేదు. ఒలికిపోతున్న చాయ్‌ని నమ్మలేదు. చెల్లెలు గీసిన గీతను నమ్మాడు.

*

నభస్య తరఫున సంతకాలకు వచ్చిన కిశోర్ మంచివాడే. బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చాడు. విషయం మొత్తం విని, లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని కచ్చా గీతలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాతే అన్నాడు.

"నాకు అర్థమైంది వేదవతిగారూ. కానీ ఇప్పుడేం చేద్దామంటారు?"

"జల్లెడ మెషీనుకు ఉండనీ. మనిషి దగ్గర దాచొద్దు. ఏరి పారేసింది ఏమిటో మనిషికి చెప్పాలి."

"చెప్తే ఏమవుతుందో ఆలోచించారా? వణుకు తెరమీద కనిపిస్తే ఫ్యాక్టరీవాడు మేస్త్రీని ఆసుపత్రికి పంపడు, ఇంటికి పంపుతాడు. రేపటినుంచి ఏ మేస్త్రీ ఈ గ్లౌజు ముట్టుకోడు. మీ అన్నగారి చెయ్యి ఈ షెడ్డులోనే ఆగిపోతుంది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కాని వేదవతి కళ్ళు దించలేదు.

"మా అమ్మ పిండి జల్లెడ పట్టేది," అంది. "పట్టాక పైన మిగిలింది తిన్నగా చెత్తలో పారేసేది కాదు. వెలుతురుకు పట్టి చూసేది. పురుగుందా, రాయుందా, పిండే పాడైందా అని. చూడకుండా పారేసేదాన్ని ఇల్లాలు అనరు. నేను మూడేళ్ళు చూడకుండా పారేశాను కిశోర్‌గారూ. ఫ్యాక్టరీకి చెప్పొద్దు. తెరమీదా పెట్టొద్దు. వణుకు కనిపిస్తే గ్లౌజే, తొడుక్కున్నవాడి మణికట్టు మీద, లోపలివైపు, మూడుసార్లు తట్టాలి. అతనికి తప్ప పక్కవాడికి కూడా తెలీకూడదు. ఆపైన ఎక్కడికి పోవాలో అతనిష్టం."

"అది ఒప్పందంలో లేదండీ."

"రాస్తే ఉంటుంది. లేకపోతే అమ్మకమే లేదు."

కిశోర్ ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. వేదవతి బల్ల సొరుగులోంచి సోమాచారి పాత గ్లౌజు తీసి, లాప్‌టాప్‌తో పాటు సంచీలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి బయలుదేరింది.

ఆటోలో కూర్చున్నాక అసలు నిజం ఆమెకే తెలిసింది. వాళ్ళు ఒప్పుకున్నా సంతకం తన వల్ల కాదు. అన్న ప్రాణం మీదికి తెచ్చిన గీతకు వెలకట్టి అమ్మడానికి చెయ్యి లేవదు.

*

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. సోమాచారి దిండుకు ఆనుకుని కూర్చుని, వదిన తినిపిస్తున్న బత్తాయి తొనలు తింటున్నాడు.

"అప్పుడే వస్తివి! అయినయా సంతకాలు? స్వీట్లేవి?"

"అన్నా, నేను అమ్ముతలేను."

"ఏందీ?"

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది. చెప్పింది. జల్లెడ గురించి, ప్రెస్సు గురించి, ఫిబ్రవరి నుంచి లేచిన గీత గురించి. తన రెండు వరుసల కోడ్ అతని రోగాన్ని రోజూ పొద్దున తిన్నగా దిద్ది చూపించిందని చెప్పింది. ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది. వెయ్యి నూట నలభై రెండు అనే అంకె ఆమె గొంతు దాటి రాలేదు.

మధ్యలో తలుపు దగ్గర అలికిడయింది. రెబెకా. చేతిలో కాగితాలున్నాయి. "వాళ్ళు ఒప్పుకున్నారండీ, మణికట్టు సంగతి రాశారు..." అంటూ లోపలి సంగతి గ్రహించి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆండాళు చేతిలో బత్తాయి తొన అలాగే ఉంది. ఆమె ఏదో అనబోయింది. సోమాచారి ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"గందుకా ఇంత ఏడుపు?" అన్నాడు సోమాచారి. నవ్వుతున్నాడు. "ఓ పిచ్చిదానా! నేనెప్పుడు చూసిన్నే నీ గీతలు? నాకు కంప్యూటర్ ఒస్తదా ఏమన్ననా? హాజరు ఏసుడు, పనిల పడుడు. ఆ తెర దిక్కు ఒక్కపారి గూడ చూడలే."

"ఒక్కసారి కూడా?"

"అమ్మ తోడు. చేతులు వణుకుతున్నయని నాకు ఎర్కలేదా? ఎరికే. దావఖానకు పోవాల్నంటే భయమై పోలే. సూదంటే నాకు చిన్నప్పటిసంది భయమని నీకు ఎర్కలే? తప్పు నాది. నీ గీతది గాదు, నీదీ గాదు."

వేదవతి తల ఎత్తింది. గుమ్మంలో రెబెకా కళ్ళు ఆమె కళ్ళతో కలిశాయి. రెబెకా చటుక్కున తల దించుకుని కాగితాల అంచులు సరిచేయసాగింది.

అమ్మ పోయి పద్నాలుగేళ్ళయింది. సోమాచారి అమ్మ మీద ఒట్టు పెట్టడం వేదవతి అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"అవునా అన్నా," అంది.

"అవును మరి. ఇగ సంతకం పెట్టు. మణికట్టు మీద తట్టుతదంటివి గద? మంచిగున్నది. అచ్చం నాయిన తట్టినట్టు. తప్పు కొడితే సుత్తి ఆపి గక్కడనే తట్టెటోడు." అతను తన మణికట్టు వైపు చూసుకున్నాడు. "నాలెక్క ఇంకోడు ఉంటడు గద ఏడనో. ఆనికి తట్టనీ. పెట్టమ్మా."

రెబెకా కాగితాలు అందించింది. వేదవతి మంచం పట్టె మీదే పెట్టి సంతకం చేసింది. నాలుగు చోట్ల. అన్న ఒక్కో సంతకాన్నీ చూశాడు. నాలుగోది అయ్యాక, పరీక్ష రాసొచ్చిన పిల్లవాడిలా ఊపిరి వదిలాడు.

"గ్లౌజు తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఏది, తొడుగు. ఆఖరుపారి హాజరేస్త."

నల్లరాతి బల్ల లేదు. వేదవతి అతని చేతికి గ్లౌజు తొడిగి, దాని కింద తన అరచెయ్యి పెట్టింది. లాప్‌టాప్ మంచం మీద తెరిచింది. తెర ఎప్పటిలాగే మొదలవబోయింది. ఆమె ఎడంచేత్తో, జల్లెడ తగిలించిన ఆ రెండు వరుసలు తుడిచేసింది.

గీత వచ్చింది.

పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతూ, తెర అంచులు కొట్టుకుంటూ, పిచ్చి పట్టినట్టు వచ్చింది. సోమాచారి ముందుకు వంగాడు. ఎన్నేళ్ళుగానో వెతుకుతున్న మనిషి ఎదురుపడినట్టు దాన్ని చూశాడు.

"గిదే," అన్నాడు మెల్లగా. "గిదే నా చెయ్యి. నేను అప్పటిసంది అనుకుంటనే ఉన్న, గా తెర మీద గిట్లెందుకు—"

ఠక్కున ఆగిపోయాడు. చెల్లెలి ముఖం వైపు భయంగా చూశాడు.

వేదవతి తెర వైపే చూస్తోంది. ఏమీ విననట్టు. ఆమె అరచేతి మీద అతని చెయ్యి వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది.

"పది సెకన్లు అయినయా?" అని అడిగాడు సోమాచారి.

"ఇంక కాలే అన్నా."

"కాలేదా?"

"కాలే. కదలకు."

పది సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆమె చెయ్యి తీయలేదు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.